బాల్ పైథాన్ పిల్లను పట్టుకోవడం, తినిపించడం

ఇంట్లో పాము పిల్లను పెంచుతున్నామని తెలిసినవారు ముందుగా కరుస్తుందా అని అడుగుతారు, ఆ వెంటనే రోజుకు ఎన్ని పాలు పోస్తారని అడుగుతారు. హైదరాబాద్ అల్వాల్‌లోని మా ఇంట్లో ఉన్నది బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ జాతి పిల్ల. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని గడ్డిభూములు దాని పుట్టిల్లు. దానికి విషం లేదు. వేటను చుట్టుకుని బిగించి చంపి మింగుతుంది. భయం వేసినప్పుడు కాటుకు దిగడం కంటే తలను చుట్టల మధ్య దాచుకుని గట్టిగా ముడుచుకోవడానికే ఎక్కువగా మొగ్గు చూపుతుంది. గుడ్డు నుంచి బయటికి వచ్చిన తొలి సంవత్సరంలో దానికి కావలసినవి సరైన వెచ్చదనం, వారానికొక భోజనం, మిగతా సమయమంతా ఏకాంతం. మనకు ముద్దొచ్చిన ప్రతిసారీ చేతిలోకి తీసుకోవడం దానికి ముద్దు కాదు. తినిపించడమూ పట్టుకోవడమూ రెండు వేరువేరు పనులుగా కనిపిస్తాయి గాని, పిల్ల పాము విషయంలో మొదటిది స్థిరపడేదాకా రెండోదాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. మన దేశపు పాములు, అవి నాగుపామైనా జెర్రిపోతైనా పొలం గట్టున దొరికిన కొండచిలువ పిల్లైనా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. వాటిని ఇంట్లో పెంచడం నేరం. రెండు తలల పాము పేరుతో లక్షలు పలుకుతుందని చెప్పి జరిగే మోసపు వ్యాపారం కూడా ఈ నేరం కిందికే వస్తుంది. విదేశీ జాతుల విషయానికి వస్తే, 2022లో ఈ చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైట్స్ జాబితాల్లోని జాతులను షెడ్యూల్ 4లో చేర్చారు, బాల్ పైథాన్ అందులో ఉంది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం అటువంటి జీవి మన దగ్గర ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా నమోదు చేయించుకోవాలి. దాని పిల్లలు పుట్టినా, అది చనిపోయినా, మరొకరి చేతికి మారినా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయాలి. పాము నచ్చింది కదా అని కాగితాలు లేని పిల్లను కొనేవారు అమ్మేవాడి తప్పును తమ నెత్తికి ఎత్తుకుంటున్నట్టే లెక్క. వానాకాలంలో పెరట్లోకి వచ్చిన పామును చూసి ఉత్సాహం కలిగినవారు కూడా దానిని డబ్బాలో పెట్టకుండా ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి వారిని పిలవాలి. 1995 నుంచి ఈ నగరంలో పాములను పట్టి సురక్షితంగా అడవికి చేర్చే పని చేస్తున్న సంస్థ అది.

పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. చుట్టూ ఉన్న వేడిని బట్టే తింటుంది, తిన్నది అరిగించుకుంటుంది. అందువల్ల తిండి గురించి ఆలోచించే ముందు పెట్టె సంగతి చూడాలి. పెట్టెలో ఒక చివర 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో చివర 25 నుంచి 27 డిగ్రీలు ఉంటే పాము తనకు కావలసిన చోటికి తానే జరుగుతుంది. విదేశీ వీడియోలన్నీ వేడి ఎలా పెంచాలో చెబుతాయి గాని హైదరాబాద్‌లో సంవత్సరంలో కొన్ని నెలల పాటు మన బాధ అందుకు పూర్తిగా తలకిందులు. మే నెలలో బయట నలభై దాటినప్పుడు పై అంతస్తు గది మధ్యాహ్నానికే 35 డిగ్రీలు దాటిపోతుంది, ఆ వేడిలో తప్పించుకునే చల్లని మూల లేకపోతే పిల్ల పాము ప్రాణానికే ముప్పు. అప్పుడు హీటర్‌ను పూర్తిగా ఆపి, పెట్టెను ఉత్తరం వైపు గదిలో నేల మీదికి దించడం మా పద్ధతి. ఏసీ గదిలో పెట్టేవారు తేమను గమనించుకోవాలి, ఎందుకంటే ఏసీ గాలిని పొడిగా మారుస్తుంది, ఈ పాముకు మామూలు రోజుల్లో 50 నుంచి 60 శాతం తేమ ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం హీట్ మ్యాట్ తప్పదు. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ మీద పామును ఉంచకూడదు. కింది నుంచి కాలుతున్నా అది అక్కడి నుంచి తొలగకపోవచ్చు, పొట్ట పొలుసులు కమిలిన తర్వాతగాని మనకు తెలియదు.

పిల్ల పాముకు పెద్ద గాజు పెట్టె పెడితే గొప్పగా చూసుకుంటున్నామని మనం అనుకుంటాం. ఆ ఖాళీ చోటంతా దానికి భయం పుట్టిస్తుంది. ఒళ్ళు నాలుగు వైపులా తగిలేంత ఇరుకైన గూడు వేడి వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి ఉండాలి. ఒకటే ఉంటే వెచ్చదనమూ దాక్కోవడమూ రెండింటిలో ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుంది. కింద పరచడానికి కొబ్బరి పొట్టు బాగుంటుంది, తేమను పట్టి ఉంచుతుంది. నీళ్ళ గిన్నె బోర్లా పడనంత బరువుగా ఉండాలి. మూత మీద గొళ్ళెం కూడా ఉండాలి, ఎందుకంటే పిల్ల పాము తల పట్టే సందు దొరికితే ఒళ్ళంతా పట్టినట్టే.

ఇక తిండి. ఈ పాము మాంసాహారి, అందులోనూ జంతువును మొత్తంగా మింగేదే తప్ప కోడిమాంసం ముక్కలు, గుడ్లసొన దానికి భోజనం కావు. ఎముకలు, కాలేయం, బొచ్చుతో సహా మొత్తం ఎలుక లోపలికి వెళితేనే కాల్షియం, విటమిన్లు సమకూరుతాయి. ఎంత పెద్ద ఎలుక పెట్టాలన్నది చాలామందికి సందేహం. పాము నడుము దగ్గర ఎంత లావుందో ఎలుక లావు అంతకు మించకూడదన్నది ఒక కొలత. పాము బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ఉండవచ్చన్నది ఇంకొకటి. నూరు గ్రాముల పిల్లకు పది నుంచి పదిహేను గ్రాముల ఎలుక పిల్ల సరిపోతుంది, అయిదు నుంచి ఏడు రోజులకొకసారి. వంటింటి డిజిటల్ త్రాసు ఇందుకు సరిపోతుంది, కాకపోతే దానిని వంటింటికి తిరిగి ఇవ్వకూడదన్నది మా ఇంట్లో తీర్మానమైన విషయం. పాము పెరిగేకొద్దీ భోజనాల మధ్య ఎడం పెంచాలి, బరువులో ఎలుక వంతు తగ్గించాలి. పెద్దదైన పాముకు రెండు నుంచి నాలుగు వారాలకొక భోజనం చాలు. బద్ధకపు జీవి కాబట్టి ఇష్టం వచ్చినట్టు పెడితే కాలేయం చుట్టూ కొవ్వు పేరుకుపోతుంది.

బతికి ఉన్న ఎలుకను పెట్టెలో వదలడాన్ని నేను సమర్థించలేను. ఎలుకకు అది నరకం. పాముకు కూడా ప్రమాదమే. ఆకలి లేని పాము పక్కన రాత్రంతా ఉన్న ఎలుక దాని వెన్ను కొరికి గాయం చేయగలదు, కన్ను పోయిన పాములూ ఉన్నాయి. బాధ లేకుండా చంపి గడ్డకట్టించిన ఎలుకలను నమ్మకమైన పెంపకందారుల నుంచి తెచ్చుకుని ఫ్రీజర్‌లో వేరే మూత డబ్బాలో ఉంచుకోవాలి. సందులో పట్టిన ఎలుకను పెట్టడమంటే దాని కడుపులోని విషపు మందునూ ఒంటి మీది పురుగులనూ పాముకు వడ్డించడమే. తినిపించే ముందటి రాత్రి ఎలుకను ఫ్రిజ్ కింది అరలోకి దించితే తెల్లవారేసరికి మంచు విడుస్తుంది. సాయంత్రం దానిని జిప్ కవరులో పెట్టి గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, లోపల చల్లదనం లేకుండా చూసుకోవాలి. మైక్రోవేవ్‌లో పెడితే బయట ఉడికి లోపల మంచుగా మిగులుతుంది, పొట్ట పగిలినా పగులుతుంది. చివరగా తల వైపు మరి కొంచెం వేడి చేసి తుడవాలి. ఈ జాతి పాముల పై పెదవి వెంట వేడిని పసిగట్టే చిన్న గుంటలు ఉంటాయి. చీకట్లో వాటితోనే వేట ఎక్కడుందో పట్టుకుంటుంది. చల్లని ఎలుక దాని దృష్టిలో ఎలుకే కాదు.

గదిలో దీపాలు తగ్గించిన తర్వాత, పొడవాటి పటకారుతో ఎలుకను తోక దగ్గర పట్టుకుని గూటి ముందు నెమ్మదిగా కదిలించాలి. చేత్తో ఎప్పుడూ అందించకూడదు. పాము మెడను వంపు తిప్పి నాలుక త్వరత్వరగా ఆడిస్తూ చూస్తుంది, ఉన్నట్టుండి దూకి పట్టుకుని మూడు నాలుగు చుట్లు చుట్టేస్తుంది. చచ్చిన ఎలుకనే అయినా నిమిషాల పాటు బిగించి పట్టుకుంటుంది, అప్పుడు దీపం వేయడం, ఫోటో తీయడం, పిల్లలను పిలవడం వంటివన్నీ మానుకోవాలి. ఎలుకను వదిలిపెట్టి వాసన చూసి తల వైపు వెతుక్కుని మింగడం మొదలుపెట్టేదాకా గదిలోంచి వెళ్ళిపోవడమే మేలు.

మింగిన తర్వాత కనీసం నలభై ఎనిమిది గంటలు దానిని ముట్టుకోకూడదు. కొండచిలువల శరీరంలో భోజనం తర్వాత జరిగే మార్పు మామూలుది కాదు. బర్మా కొండచిలువల మీద చేసిన పరిశోధనల్లో తిన్న రెండు రోజుల్లోపే చిన్న పేగు బరువు రెట్టింపు అవుతుందనీ, గుండె కండరం కూడా పెరుగుతుందనీ తేలింది. అంత పని లోపల సాగుతుండగా ఎత్తి తిప్పితే, లేదా వెచ్చదనం అందకపోతే, తిన్నదంతా కక్కేస్తుంది. కక్కడం పిల్ల పాముకు పెద్ద దెబ్బ: జీర్ణరసాలు పోతాయి, గొంతు పుండు పడుతుంది. అలా జరిగితే జాలిపడి వెంటనే మళ్ళీ పెట్టకూడదు. నీళ్ళు మాత్రం ఉంచి, పది నుంచి పద్నాలుగు రోజులు ఆగి, మామూలు దానిలో సగం సైజు ఎలుకతో మొదలుపెట్టాలి.

బాల్ పైథాన్ పెంచేవారందరినీ ఏదో ఒక రోజు ఏడిపించే సంగతి, అది తినడం మానేయడం. ఈ జాతికి ఆ పేరు ఉండనే ఉంది. కొత్త ఇంటికి రాగానే మానేస్తుంది, కుబుసం విడిచే ముందు మానేస్తుంది, చలి వేస్తే మానేస్తుంది, చిట్టెలుకలకు అలవాటుపడినది పెద్దజాతి ఎలుక పిల్లను చూసి ముఖం తిప్పుకుంటుంది. పెద్ద మగపాములు చలికాలంలో నెలల తరబడి తినకుండా ఉండి కూడా ఆరోగ్యంగా ఉంటాయి. పిల్లకు అంత నిల్వ ఉండదు గనుక దాని బరువును చూస్తూ ఉండాలి. రెండు మూడు వారాలు తినకపోయినా బరువు నిలకడగా ఉంటే కంగారు అక్కరలేదు. పదో వంతు బరువు తగ్గినా, వెన్నెముక పొడుచుకుని కనిపించినా పశువైద్యుడికి చూపించాలి. ఈలోగా మనం సరిచూసుకోవలసినవి వరుసగా వేడి, తేమ, గూటి ఇరుకు, చివరగా మన చేతులు. తినని పామును రోజూ తీసి చూసే యజమాని ఉన్నంతకాలం అది తినదు. రోజు విడిచి రోజు ఎలుక చూపించడం కూడా మంచిది కాదు. ఒకసారి వద్దంటే మళ్ళీ వారం దాకా దాని జోలికి పోకూడదు. కొన్ని పిల్లలు మనం చూస్తుండగా తినవు, వెచ్చబెట్టిన ఎలుకను గూటి వాకిట్లో పెట్టి రాత్రికి వదిలేస్తే పొద్దుటికి ఉండదు. ఉంటే తీసి పారేయాలి. బలవంతంగా నోట్లో కుక్కడం అనుభవమున్న పశువైద్యుడు చేయవలసిన పని.

మన ఊరికి ప్రత్యేకమైన కారణం ఇంకొకటి ఉంది. పాముకు బయటి చెవి లేకపోయినా నేల అదురును దవడ ఎముక ద్వారా స్పష్టంగా గ్రహిస్తుంది, గాలిలో వచ్చే బరువైన శబ్దాలు కూడా దానికి తెలుస్తాయి. వినాయక నిమజ్జనం రోజుల్లో వీధిలోంచి డీజే లారీ వెళ్ళేటప్పుడు కిటికీ అద్దాలు అదురుతాయి కదా, ఆ రాత్రి పాముకు భోజనం పెట్టడం వృథా. బోనాల వారంలోనూ అంతే. మేము ఆ రోజులను చూసుకుని భోజనం వేళ మార్చుకుంటాం.

పట్టుకోవడం గురించి. కొత్తగా వచ్చిన పిల్లను వారం పది రోజుల పాటు నీళ్ళు మార్చడానికి తప్ప తాకకుండా ఉండి, వరుసగా రెండు మూడు భోజనాలు చేసిన తర్వాతే చేతి అలవాటు మొదలుపెట్టాలి. చేతులు సబ్బుతో కడుక్కుని రావాలి. కోడికూర కలిపిన చెయ్యి కడిగినా వాసన మిగిలితే, ఆ వేళ్ళు పాముకు ఆహారంగా తోచడంలో దాని తప్పేమీ లేదు. మూత తీయగానే పైనుంచి చెయ్యి దించకూడదు, గద్దలూ కాకులూ అలాగే పైనుంచే వస్తాయి. గూటిని పక్కకు తీసి, ఒక కాగితపు చుట్టతో ఒంటి మధ్య భాగాన్ని మెల్లగా ఒకసారి తాకితే ఇది భోజనం వేళ కాదని దానికి క్రమంగా తెలుస్తుంది. ఆ తర్వాత పక్క నుంచి చెయ్యి పోనిచ్చి నడుము కింద పట్టి ఎత్తాలి, రెండో చెయ్యి తోక వైపు ఆసరాగా ఉండాలి. తలను పట్టుకోవడం, మెడ దగ్గర బిగించడం పాములు పట్టేవారు విషసర్పాలతో చేసే పని. పెంపుడు పిల్లతో అలా చేస్తే ప్రతిసారీ ప్రాణభయాన్ని నేర్పినట్టే.

నేల మీద చాప వేసుకుని కూర్చోవడం మంచిది, జారినా ఎత్తు నుంచి పడదు. పాము ముందుకు పాకుతుంటే ఒక చేతి మీద నుంచి మరో చేతి మీదికి దారి ఇస్తూ పోవాలి గాని ఆపకూడదు. మొదట్లో అయిదు నిమిషాలు, అలవాటయ్యాక పది పదిహేను నిమిషాలు, వారానికి రెండుసార్లు చాలు. నాలుక తాపీగా ఆడిస్తూ నెమ్మదిగా తిరుగుతుంటే నిశ్చింతగా ఉన్నట్టు; మెడను వంపు తిప్పి వెనక్కి లాగి కదలకుండా చూస్తున్నా, బుస కొడుతున్నా, గట్టి ఉండగా ముడుచుకుని విప్పుకోకపోయినా తిరిగి గూట్లో పెట్టేయాలి. మచ్చిక అని మనం పిలిచేది దానికి భయం పోవడమే తప్ప ప్రేమ కాదు. కుక్కపిల్ల వచ్చి ఒళ్ళో కూర్చున్న సంతోషం కోసం పామును పెంచదలచినవారు కుక్కపిల్లనే పెంచుకోవడం ఉభయులకూ మంచిది.

ఒకవేళ కరిస్తే, పిల్ల పాము కాటు రక్తపు చుక్కలు కనిపించే గీరుడు కంటే ఎక్కువ కాదు. వదలకుండా పట్టుకుంటే మాత్రం చెయ్యి వెనక్కి లాగకూడదు. దాని పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మన చర్మం చీరుకుంటుంది, దాని పళ్ళు విరుగుతాయి. తల మీద చల్లని నీళ్ళు పోస్తే సాధారణంగా వదులుతుంది. గాయాన్ని సబ్బు నీళ్ళతో కడిగి, టీటనస్ సూది సంగతి వైద్యుడిని అడగాలి.

కళ్ళు పాలనీలి రంగులోకి మారి ఒళ్ళు మసకబారితే కుబుసం విడవబోతున్నదని అర్థం. ఆ రోజుల్లో చూపు సరిగా ఉండదు కాబట్టి ముట్టుకోకపోవడమే న్యాయం. తేమను 70 శాతం దాకా పెంచాలి. వేసవిలో మన గాలి పొడిగా ఉండి కుబుసం ముక్కలుగా ఊడుతుంది, తడిపిన నాచు పెట్టిన డబ్బా ఒకటి లోపల ఉంచితే ఒకే తొడుగుగా వస్తుంది. కంటి మీది పొర మిగిలిపోతే గోటితో గీకకూడదు.

మా పక్కింటి పెద్దమ్మ నాగుల పంచమి నాడు గ్లాసుతో వచ్చింది. "బిడ్డా, పండుగ పూట గిన్నెడు పాలన్నా పొయ్యవా దానికి?" అంది. "పెద్దమ్మా, అది నీళ్ళు తప్ప వేరేవి తాగదు, పాలు పోస్తే దాని కడుపు చెడుతది" అని చెబితే కొంచెం చిన్నబుచ్చుకుంది గాని, పెట్టె ముందు పసుపు కుంకుమ పెట్టి వెళ్ళింది. పాములవాళ్ళు తెచ్చే పాములు పాలు తాగడం చాలామంది కళ్ళారా చూశారు. వాటిని రోజుల తరబడి నీళ్ళు లేకుండా దాహంతో ఉంచడం వల్ల ఎదుట పెట్టిన ద్రవాన్ని తాగుతాయి. పాలను అరిగించుకునే ఏర్పాటు పాము కడుపులో లేదు. మా పెద్దమ్మ ఇప్పుడు ఆ పాలను పుట్టలోనే పోస్తుంది, పుట్టలోని పాము వాటిని ముట్టదు గనుక ఆ విషయంలో నేను పేచీ పెట్టుకోలేదు.

పామును తాకిన తర్వాత చేతులు కడుక్కోవడం మాత్రం ఇంట్లో అందరికీ తప్పనిసరి, ఎందుకంటే సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండవచ్చు. అయిదేళ్ళ లోపు పిల్లలనూ గర్భిణులనూ దూరంగా ఉంచుతాం. నీళ్ళ గిన్నెను వంటింటి సింకులో కడగము. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా అది ఊపిరితిత్తుల జబ్బు. నీళ్ళ గిన్నెలో నల్లని చుక్కల్లాంటివి తేలితే ఒంటి మీద పురుగులు చేరినట్టు. కుక్కలు, పిల్లులు తప్ప మరేమీ చూడని క్లినిక్‌లు నగరంలో ఎక్కువ కాబట్టి, సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడెవరో పాము ఇంటికి రాకముందే వాకబు చేసి పెట్టుకోవాలి.

సంక్రాంతికి ఊరు వెళ్ళేటప్పుడు పాము గురించి చాలామంది అనవసరంగా దిగులు పడతారు. వారం రోజులు తిండి లేకపోయినా దానికి ఏమీ కాదు. ప్రయాణానికి మూడు నాలుగు రోజుల ముందు భోజనం పెట్టి, గిన్నె నిండా నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను ఇన్వర్టర్‌కు కలిపి, నీళ్ళు మార్చడానికి ఒక మనిషిని పురమాయిస్తే సరిపోతుంది. ఆ మనిషిని తినిపించమని మాత్రం అడగకూడదు. అసలు దిగులు పడవలసినది దాని ఆయుష్షు గురించి. ఈ జాతి పాము చక్కగా చూసుకుంటే ఇరవై నుంచి ముప్పై ఏళ్ళు బతుకుతుంది, ఆడది నాలుగైదు అడుగుల దాకా పెరుగుతుంది. డిగ్రీ చదువుతూ పిల్లను తెచ్చుకునేవారు ఉద్యోగం, పెళ్ళి, విదేశ ప్రయాణం వచ్చినప్పుడు ఎవరి చేతిలో పెడతారో ముందే మాట్లాడుకోవాలి, ఆ చెయ్యి మారడాన్ని కూడా నమోదు చేయించాలి. విసుగెత్తి మేడ్చల్ అవతల పొదల్లో వదిలేయడం చట్టరీత్యా నేరం, పైగా మన చలికాలపు రాత్రికి అది తట్టుకోలేదు.